గుగ్గిళ్ల కొలత

హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులోకి తిరిగినా సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల పక్కన హాస్టల్ బోర్డులు, వాటి కింద అన్‌లిమిటెడ్ మీల్స్ బోర్డులు కనబడతాయి. జిల్లాల నుంచి కోర్సు నేర్చుకుని ఉద్యోగం వెతుక్కుందామని వచ్చిన పిల్లలకు కడుపు నిండా పెడతాం అనడం అమీర్‌పేటలో వ్యాపారమే అయినా, ఆ మాటలో కాస్త పుణ్యం కూడా వినిపిస్తుంది. దానికి ధర్మశాస్త్రంలో మద్దతు ఉందంటే మెస్ నడిపేవాళ్లు ఆశ్చర్యపోవచ్చు. ఆపస్తంబ ధర్మసూత్రం మునికి 8 ముద్దలు, అడవిలో ఉండే వానప్రస్థుడికి 16, గృహస్థుకు 32 అని లెక్క కట్టి, చదువుకునే బ్రహ్మచారి దగ్గరికి వచ్చేసరికి లెక్క వదిలేసింది. అతను ఎంతైనా తినవచ్చు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటుంది: అగ్నిహోత్రం నిలుపుకున్నవాడు, బరువు లాగే ఎద్దు, బ్రహ్మచారి, ఈ ముగ్గురూ తింటేనే తమ పని నెరవేర్చగలరు, పస్తుంటే వీళ్లకు సిద్ధి లేదు. వేదం చదువుకునే కుర్రాడి పక్కన ఎద్దును నిలబెట్టిన ఆ వరసలో ఒక ఆలోచన ఉంది. తిండి కొలత పుట్టుకను బట్టి గాని పవిత్రతను బట్టి గాని కాక, ఆ శరీరం మోసే పనిని బట్టి వస్తోంది. అయితే పనేమీ లేకుండా నిలబడి, పని చేసే ఎద్దుకన్నా మెండుగా తినే జంతువు మాటేమిటి? దానికి ఇంకా పెట్టడం దయ అవుతుందా? దాని ముందు నుంచి మేత తీసేయడం హింస అవుతుందా? ఒళ్లు చేసిన ఒక పొట్టి గుర్రాన్ని ముందు పెట్టుకుని ఈ ప్రశ్నను విచారించవచ్చు. ఆవునో కుక్కనో తీసుకుంటే వాదం భక్తిలోకో మున్సిపాలిటీ గొడవల్లోకో జారిపోతుంది. గుర్రం దగ్గర ఆ బెడద తక్కువ.

గుర్రం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాటితే వచ్చే ఎర్రమంజిల్ గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవనానికి పోలో మైదానం, గుర్రపు శాలలు ఉండేవి. ఇప్పుడు అదే దారిలో గుర్రం కనబడేది పెళ్లి బరాత్‌లోనే. బ్యాండు, డీజే హోరు మధ్య ముఖానికి అద్దాల పట్టీలు కట్టుకుని వరుడిని మోస్తూ నిలబడే ఆడ గుర్రం అది. దాని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే దాని సమస్య వేరు. పొట్టి గుర్రాలు, అంటే మన పెద్దలు తట్టు గుర్రాలనీ మనం ఇంగ్లీషులో పోనీలనీ పిలిచే 147 సెంటీమీటర్లకు మించని గుర్రాలు, నగరం అంచున రైడింగ్ స్కూళ్లలోనూ ఫామ్‌హౌస్‌లలోనూ బతుకుతున్నాయి. ఆదివారం పిల్లల్ని రెండు చుట్లు తిప్పడం, మిగతా ఆరు రోజులు నిలబడడం వాటి ఉద్యోగం. వచ్చిన ప్రతివాళ్లూ ఓ బెల్లం ముక్కో, క్యారెట్టో, పిడికెడు గుగ్గిళ్లో పెడతారు. యజమానికి అది నున్నగా, గుండ్రంగా ఉంటే గర్వం. ఎవరూ దానికి చెడు తలపెట్టలేదు, మంచివాళ్ల మధ్యనే అది జబ్బు పడుతుంది.

జబ్బు ఎలా వస్తుందో వివరంగా చూడాలి, ఎందుకంటే నా వాదమంతా ఆ వివరాల మీదే నిలబడుతుంది. గుర్రం కడుపు దాని ఆకారంతో పోలిస్తే చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుందంతే. కొంచెం కొంచెంగా, గంటల తరబడి, పీచు ఎక్కువగా ఉన్న గడ్డిని నమలడానికి తయారైన శరీరం అది. గడ్డి అసలు అరిగేది వెనక పెద్ద పేగుల్లో, సూక్ష్మజీవుల చేతుల్లో. ఉలవలు, బార్లీ, బెల్లం ఒక్కసారిగా ఎక్కువ పడితే ముందు పేగు జీర్ణం చేసుకోలేని పిండిపదార్థం వెనక పేగులోకి జారి పులిసిపోతుంది, శూల రావచ్చు. మనిషిలా కక్కుకునే వీలు కూడా దానికి లేదు. గుర్రం వాంతి చేసుకోలేదు, మింగింది మింగినట్టే. ఇది ఒక్కరోజు ప్రమాదం. నెలల తరబడి జరిగేది ఇంకోటి: మెడ మీద జూలు కింద కొవ్వు గట్టిపడి దిమ్మలా లేస్తుంది, తోక మొదట, భుజం వెనక కొవ్వు పేరుకుంటుంది, రక్తంలో ఇన్సులిన్ పెరిగిపోతుంది. ఇన్సులిన్ ఎక్కువ కాలం అలా ఉంటే గిట్ట లోపలి గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టు ఉంచే పొరలు వదులవుతాయి. లామినైటిస్ అంటే అదే. ముదిరితే ఎముక గిట్టలో తిరిగిపోతుంది, ఆ జంతువు బరువంతా ఆ నొప్పి మీదే నిలబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పోనీలకు ఇన్సులిన్ ఎక్కించి ఈ జబ్బును తెప్పించవచ్చని ఆస్ట్రేలియా పరిశోధకులు 2007లో చూపించారు. ఈ తెలివి కూడా కొన్ని పోనీల నొప్పి మీదే వచ్చిందని గుర్తుంచుకోవడం మంచిది. అయినా వచ్చాక దాన్ని వాడుకోకపోతే ఆ నొప్పి కూడా వృథాయే.

మన గృహస్థ ధర్మంలో పంచ మహాయజ్ఞాల్లో ఒకటి భూతయజ్ఞం. ఇంట్లో వండిన దాంట్లోంచి కాకికి, కుక్కకు, చీమకు, ఆవుకు ఒక ముద్ద తీయాలి. అది ముద్దే, గంప కాదు. పెట్టేవాడికి తన తిండి తనొక్కడిది కాదని గుర్తు చేయడమే దాని పని, తినేవాడి కడుపు నింపే బాధ్యత దాని మీద లేదు. అందుకే అంత చిన్న కొలత సరిపోయింది. నగరంలో ఈ వరస తలకిందులైంది. జంతువు ఒకచోట కట్టేసి ఉంటుంది, పెట్టేవాళ్లు వందమంది. ఒక్కొక్కరి ముద్ద ధర్మబద్ధమే, మొత్తం కలిపితే రోగం. వందమందిలో ఎవరికీ మొత్తం లెక్క తెలియదు. దీనికి భక్తిపరులు చెప్పే సమాధానం నాకు తెలుసు: భగవంతుడు గీతలో ఆకో పువ్వో నీళ్లో ఇచ్చినా ప్రేమతో ఇస్తే తీసుకుంటానన్నాడు, పెట్టే మనసు మంచిదైతే చాలు అని. ఆ మాట దేవుడి విషయంలో నిజం. నైవేద్యాన్ని దేవుడు చూపుతో స్వీకరించి ప్రసాదంగా మనకే తిరిగిచ్చేస్తాడు, బల్కంపేట ఎల్లమ్మకు ఎన్ని బోనాలు ఎత్తినా ఆమెకు అజీర్తి చేస్తుందన్న బెంగ లేదు. గుర్రానికి పెట్టింది గుర్రం లోపలికే వెళ్తుంది. దేవుడికి ఇచ్చే పద్ధతిని, పేగులున్న ప్రాణికి ఇచ్చే పద్ధతిని ఒకటే అనుకోవడం భక్తి కాదు, పొరపాటు. గీత కూడా ఈ రెంటినీ వేరుగానే ఉంచింది. దానం గురించి మాట్లాడే 17వ అధ్యాయంలో సాత్విక దానానికి దేశం, కాలం, పాత్రత మూడూ చూడమంది. పాత్రత అనగానే మనం పుచ్చుకునేవాడి యోగ్యత, కులం, చదువు అని చదువుకుంటూ వచ్చాం. ఇచ్చింది అతని ఒంటికి పడుతుందా అన్నది కూడా పాత్రతలోదే అని చదివితే తప్పేమీ లేదు.

ఇప్పుడు బలమైన అభ్యంతరం. జైన ధర్మం అహింసను మనందరికన్నా సూక్ష్మంగా తూచింది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం గృహస్థు అహింసావ్రతానికి భంగం కలిగించే 5 అతిచారాలు చెప్తుంది: జంతువును కట్టేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, తిండి నీళ్లు ఆపేయడం. చివరిది సూటిగా మన పోనీ మీదికే వస్తుంది. చట్టం కూడా అలాగే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం యజమాని తన జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం క్రూరత్వం, అతిగా పెట్టడం గురించి ఆ జాబితాలో ఒక్క ముక్క లేదు. శాస్త్రమూ చట్టమూ రెండూ ఆకలినే చూశాయి, ఎందుకంటే రెండూ పుట్టిన కాలాల్లో జంతువుకు జరిగే అన్యాయం ఆకలే. అయినా రెంటిలోనూ దారి మూసుకుపోలేదు. 12వ శతాబ్దపు హేమచంద్రుడు యోగశాస్త్రంలో ఇవే అతిచారాలను మళ్లీ చెప్తూ కోపంతో చేసినవి అన్న షరతు పెట్టాడు. మేత ఆపడం ఎప్పుడు హింస అవుతుందంటే అది శిక్ష అయినప్పుడు. చట్టంలోనూ 11వ సెక్షన్ కన్నా ముందు 3వ సెక్షన్ ఉంది. జంతువు బాధ్యత ఉన్నవాడు దాని క్షేమానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలి, అనవసరమైన నొప్పి కలగకుండా చూడాలి అని అది చెప్తుంది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువులకు 5 స్వేచ్ఛలను గుర్తించింది. మొదటిదే ఆకలి, దాహం, పోషకాహార లోపం నుంచి స్వేచ్ఛ. నొప్పి నుంచి, రోగం నుంచి స్వేచ్ఛ కూడా వాటిలో ఉంది. పోనీ విషయంలో ఈ రెండూ ఎదురెదురు పడతాయి. ఆ రెంటిని కలిపి చదివేవాడు కావాలి.

ఇక్కడ చురుకైన పాఠకుడు నన్ను పట్టుకోవచ్చు. మేత ఆపేవాడిని ఉద్దేశం కాపాడుతుందంటే, బెల్లం పెట్టేవాడిని మాత్రం ఉద్దేశం ఎందుకు కాపాడదు? ఇద్దరి మనసూ మంచిదే కదా. ఈ ప్రశ్నకు సమాధానం దొరక్కపోతే నా వాదం కూలిపోతుంది. సమాధానం ఇది: ఉద్దేశం అనేది మనసులో కలిగే మెత్తదనం ఒక్కటే అయితే ఇద్దరూ సమానమే, అప్పుడు ఎవరు ఏం చేసినా సరే అనాలి. కాని ఉద్దేశంలో చూడడం కూడా ఒక భాగం. ఎదుటి ప్రాణి మేలు కోరుతున్నానని చెప్పేవాడు ఆ మేలు ఎక్కడుందో వెతికి ఉండాలి, వెతకనివాడు కోరుతున్నది తనకు కలిగే ఆనందాన్ని. గుర్రం చేతిలోంచి బెల్లం తీసుకుంటుంటే అరచేతికి తగిలే ఆ తడి పెదవుల స్పర్శ నిజంగానే హాయిగా ఉంటుంది, ఆ హాయి పెట్టేవాడిది. ఈ కొలబద్దను మేత తగ్గించేవాడికీ అంతే కఠినంగా వేయాలి. లావెక్కిన పోనీని చూసి, కొన్ని రోజులు పస్తు పెడితే అదే దిగుతుందని ఎవరైనా ఒక్కసారిగా తిండి మాన్పిస్తే ఏమవుతుంది? దాని ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి వరదలా వస్తుంది, కాలేయం ఆ కొవ్వుతో మూసుకుపోతుంది. హైపర్‌లిపీమియా అనే ఈ స్థితిలో పోనీలు, గాడిదలు, అందులోనూ చూలుతో ఉన్నవి చనిపోవచ్చు. అంటే చూడకుండా పెట్టినవాడిలాగే చూడకుండా ఆపినవాడూ చంపుతాడు. కాబట్టి నేను సమర్థించేది తక్కువ పెట్టడాన్ని కాదు, కొలిచి పెట్టడాన్ని.

కొలవడం ఎలాగన్నది తాత్విక ప్రశ్న కాదనిపించవచ్చు. నాకు మాత్రం అదే అసలు ప్రశ్న. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకే 1983లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ గుర్రాల వైద్యులు వాడుతున్నారు. మెడ, భుజాల మధ్య మిట్ట, నడుము, తోక మొదలు, పక్కటెముకలు, భుజం వెనక భాగం, ఈ 6 చోట్ల చూసి, తడిమి 1 నుంచి 9 వరకు అంకె వేస్తారు. 5 అంటే పక్కటెముకలు కంటికి కనబడవు, చేత్తో రాస్తే తగులుతాయి. 8, 9 దగ్గర ఎముక చేతికి దొరకడం కష్టం. బరువు తూచే యంత్రం లేకపోయినా టేపు చాలు: ఛాతీ చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, సెంటీమీటర్లలో అయితే 11,877తో భాగిస్తే కిలోల బరువు సుమారుగా వస్తుంది. చుట్టుకొలత 130, పొడవు 120 ఉన్న పోనీ దాదాపు 171 కిలోలు. బరువు తగ్గించాలంటే రోజుకు శరీర బరువులో 1.5 శాతం పొడిమేత అని మొదలుపెడతారు. ఈ పోనీకి అది సుమారు రెండున్నర కిలోలు, ఎండుగడ్డిలో ఉండే తేమను కలుపుకుంటే 3 కిలోల గడ్డి. గింజలు, బెల్లం, లూసర్న్ మానాలి. మేత తగ్గితే ఖనిజాలూ తగ్గుతాయి కాబట్టి అవి విడిగా కలపాలి. గడ్డిని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే అందులోని చక్కెర కొంత పోతుంది. హైదరాబాద్ ఎండల్లో నానిన గడ్డి త్వరగా పులుస్తుంది కాబట్టి వెంటనే పెట్టేయాలి. చవక కదా అని వరిగడ్డితోనే కడుపు నింపితే పేగుల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది. వీటిలో ఏ ఒక్కటీ జాలి వల్ల తెలియదు. జాలి ఈ పనులకు మనిషిని పురమాయిస్తుంది, అంతవరకే.

మన పాతకాలం ఈ శ్రద్ధను ఎరుగును, అయితే అది కోవెలలో కన్నా లాయంలో ఎక్కువగా ఉండేది. అర్థశాస్త్రం రెండో అధికరణంలో అశ్వాధ్యక్షుడి ప్రకరణం గుర్రాన్ని ఉత్తమం, మధ్యమం, అధమం అని విడదీసి గింజలు, నూనె, ఉప్పు ఎంతెంత అన్నది నిర్ణయిస్తుంది. అక్కడే గుర్రాల వైద్యులకు ఒక విధి అప్పగించింది: గుర్రం ఒళ్లు తగ్గినా, పెరిగినా, రెంటికీ చికిత్స చేయాలి, రుతువును బట్టి మేత మార్చాలి. ఒళ్లు పెరగడాన్ని ఒళ్లు తగ్గడంతో సమానమైన లోపంగా చూసిన ఆ వాక్యం ముందు మన 1960 చట్టం కాస్త వెనకబడిందనే చెప్పాలి. తెలుగులోనూ గుర్రాల లక్షణాల మీద పద్యాల్లో శాస్త్రం రాసిన మనుమంచి భట్టు లాంటివారున్నారు. ఇదంతా దయతో జరిగింది కాదు, యుద్ధానికి గుర్రం కావాలి, ఖజానా సొమ్ము వృథా కాకూడదు. నాకు అదే ఆసక్తికరంగా ఉంటుంది. లాభం కోసం చూసిన కన్ను చూసినంత వివరంగా, పుణ్యం కోసం చూసిన కన్ను చూడలేదు. లాభాపేక్ష ఉన్న చోటల్లా చూపు ఉంటుందనీ అనలేం. 13వ శతాబ్దం చివర దక్షిణ తీరానికి వచ్చిన మార్కో పోలో, పాండ్య రాజులు ఏటా వేల గుర్రాలను అరబ్బు తీరం నుంచి కొనేవారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగిలేవి కావనీ రాశాడు. సాకడం తెలియదు, అన్నంలో మాంసం వండి పెట్టేవారు, గుర్రాల వైద్యులు ఇక్కడికి రాకుండా వర్తకులే చూసుకునేవారు, చచ్చిన కొద్దీ బేరం కదా. రాజులకు ఆ గుర్రాల మీద ప్రేమ లేదని ఎవరంటారు? తాము తినే మంచి తిండే వాటికీ పెట్టారు.

ప్రకృతివాదులు ఇంకో అభ్యంతరం తెస్తారు. జంతువుకు తన అవసరం తెలుసు, ఆకలైతే తింటుంది, చాలనిపిస్తే ఆపుతుంది, మధ్యలో మన కొలతలెందుకు అని. అడవి గుర్రం గురించి అయితే ఇది చాలావరకు ఒప్పుకోవచ్చు. పోనీ జాతులు ఎక్కువగా పుట్టింది చలి, కొండ, పలచని గడ్డి ఉన్న చోట్ల. వాన తర్వాత దొరికినంత తిని కొవ్వు దాచుకుని, మేత లేని నెలల్లో ఆ కొవ్వు మీద బతకడం వాటి ఒంటికి అలవాటు. ఆ ఒళ్లు ఇప్పటికీ కరువు వస్తుందనే తింటోంది. మనం కరువును తీసేశాం, కంచె వేశాం, నడకను తీసేశాం, గడ్డి బదులు ఉలవలు పోశాం. దాని ఆకలి అబద్ధం చెప్పడం లేదు, మనం మార్చిన లోకం గురించి ఆ ఆకలికి కబురు అందలేదు. అందుకే ఊరికే వదిలేయడం కూడా తటస్థత కాదు. కంచె వేసిన రోజునే మనం దాని మేత విషయంలో నిర్ణయం తీసేసుకున్నాం, ఆ తర్వాత నేనేం చేయలేదు అనే వీలు ఎవరికీ లేదు.

మేత తగ్గింపుకు పోనీ ఒప్పుకోలు సంగతి ఇంతకన్నా కష్టం. సంయుక్త నికాయంలో కోసల రాజు ప్రసేనజిత్తు కుంచాల కొద్దీ అన్నం తిని ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వస్తాడు. మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం నెమ్మదిగా వస్తుందని బుద్ధుడు ఒక గాథ చెప్తాడు. రాజు సుదర్శనుడనే కుర్రాడి చేత దాన్ని కంఠస్థం చేయించి, భోజనం చేస్తున్నప్పుడల్లా వినిపించమని రోజుకు 100 కహాపణ నాణేల జీతం పెట్టాడు. క్రమంగా ఒక చిన్న కొలత అన్నంతో సరిపెట్టుకునే స్థితికి వచ్చాడు. ఎంత చక్కని ఏర్పాటో చూడండి: అడ్డు చెప్పేవాడిని తనే నియమించుకున్నాడు, తగ్గడం మెల్లగా జరిగింది. ఏకాదశి ఉపవాసం, ఆకలికన్నా తక్కువ తినే జైనుల ఊనోదరి తపస్సు, రంజాన్ రోజా, బల్కంపేటలోని ప్రకృతి చికిత్సాలయంలో చేయించే ఉపవాస చికిత్స, అన్నిటికీ ఆ లక్షణమే ఉంది, మనిషి తనంతట తను ఒప్పుకుంటాడు. పోనీ ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదు కాబట్టి దాని డైట్‌కు తపస్సు విలువ రాదు. మనం దానికి పుణ్యం సంపాదించి పెట్టడం లేదు, దాన్ని సంస్కరించడమూ లేదు. అతిగా తినేది అని దాన్ని నిందించే మాట నోట రాకూడదు కూడా, దోషం దానిది కాదు. దాని మితాహారం పూర్తిగా చికిత్స, వైద్యుడికి ఉండే జవాబుదారీతనం అంతా సాకేవాడికి ఉంటుంది. మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం లేదని గీత 6వ అధ్యాయం చెప్పింది యోగికే అయినా, ఆ రెండు చివరలూ పోనీ ఒంట్లో లామినైటిస్, హైపర్‌లిపీమియా అనే పేర్లతో ఉన్నాయి.

బరాత్ గుర్రాన్ని పక్కన పెట్టాను కదా, దాని తరఫున అడగాల్సిన ప్రశ్న అన్నిటికన్నా పదునైనది. పెళ్లి గుర్రాల్లో ఎముకలు తేలినవి ఎన్నో కనబడే నగరంలో, ఫామ్‌హౌస్ పోనీ బరువు గురించి ఇంత మాట్లాడడం కలవారి ముచ్చట కాదా? కొంతవరకు అవును. ఏ వైద్యుడైనా ముందు చూడాల్సింది బక్కచిక్కిన గుర్రాన్నే. కాని ఆ రెంటి జబ్బుకూ మూలం ఒకటే అని నా అభిప్రాయం. పెళ్లి గుర్రానికి మేత ముహూర్తాలను బట్టి వస్తుంది. సీజన్లో ఒక రాత్రికి రెండు మూడు పెళ్లిళ్లు, ఆషాఢం రాగానే బేరాలు లేవు, గింజలూ లేవు. ఉత్తరాది పద్ధతిలో వరుడి అక్కచెల్లెళ్లు దానికి నానబెట్టిన శనగపప్పు తినిపిస్తారు, అది వరుడి శుభం కోసం. ఆపస్తంబుడు ఎద్దు విషయంలో చెప్పినదాని ప్రకారం కష్టపడే దీనికే నిండుగా తిండి రావాలి, రాదు. పోనీకి మేత యజమాని ముచ్చటను బట్టి వస్తుంది. ఒకదానికి మార్కెట్టు, ఇంకోదానికి గారాబం, రెంటిలోనూ గుర్రం ఒంటిని ఎవరూ అడగలేదు. మునిక జాతకంలో ఇంటి ఆడపిల్ల పెళ్లి కోసం మునిక అనే పందిని మంచి తిండితో మేపుతుంటే చిన్న ఎద్దు అసూయ పడుతుంది. మనం తినే పొట్టే ఆయుష్షు, వాడు తింటున్నది చావు తిండి అని పెద్ద ఎద్దు చెప్తుంది. అక్కడ పంది లావు ఎవరి అవసరమో స్పష్టం. ముద్దుల పోనీని ఎవరూ కోయరు, అయితే దాని లావు కూడా దాని అవసరం కాదు.

ఇంత వాదించాక కూడా ఒక బాధ మిగిలిపోతుందని ఒప్పుకోవాలి. మేత తగ్గించిన పోనీకి కారణం తెలియదు. పక్క గుర్రం ముందు ఉలవలు పోస్తుంటే అది గిట్టతో నేల తన్నుతుంది, చెక్క కొరుకుతుంది. మేత లేని గంటల్లోనూ దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, ఖాళీ ఎక్కువసేపైతే పుండ్లు పడతాయి. ఏ శాస్త్రవాక్యమూ ఆ అసంతృప్తిని దానికి వివరించలేదు, కాబట్టి తగ్గించేవాడు దాన్ని పనితో పూడ్చాలి. 3 కిలోల గడ్డిని ఒక్కసారి కాకుండా నాలుగైదు సార్లుగా పెట్టాలి. చిన్న కన్నాలున్న వలసంచిలో వేలాడదీస్తే అదే గడ్డిని గంటల తరబడి లాక్కుంటూ తింటుంది. గిట్టలు బాగున్నంతకాలం ఎండ ఎక్కక ముందు నడిపించాలి. లామినైటిస్ మొదలైతే నడక ఆపేసి మెత్తటి నేల మీద ఉంచి వైద్యుణ్ని పిలవాలి. తోడుగా ఇంకో గుర్రమో గాడిదో ఉండాలి. రెండు వారాలకోసారి టేపు పెట్టి రాసుకోవాలి. ఇవన్నీ చేసేది యజమాని కాదు, గుర్రాన్ని చూసుకునే పనివాడు, సైసు. సందర్శకుడి చేతిలోని బెల్లం వద్దని చెప్పి వాళ్ల చిరాకు భరించేదీ అతనే. ప్రసేనజిత్తు రాజు సుదర్శనుడికి ఇచ్చిన జీతం ఇక్కడ గుర్తు చేసుకోవాలి, అడ్డు చెప్పే పని ఊరికే జరగదు. మేత తగ్గించే అధికారం ఈ ఖర్చు భరించిన యజమానికే ఉంటుంది. వల కొనకుండా, మనిషిని పెట్టకుండా, వైద్యుణ్ని అడగకుండా గడ్డి మాత్రం సగం చేసి దాన్ని డైట్ అన్నవాడు, హేమచంద్రుడు చెప్పిన కోపం అతనిలో లేకపోయినా, ఉమాస్వాతి జాబితాలోని ఐదో అతిచారం నుంచి తప్పించుకోలేడు.